యోబు ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలి?



ఈసారి రాస్తున్నది కాస్త పొడుగ్గా ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఉంటే చదివి వినిపించండి. ఇది వాళ్లకు కూడా కావలసిన విషయమే.

మనలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసినా, వయసు మళ్లకముందే ఎవరైనా పోయినా, ఆ ఇంటికి ముందుగా చేరేది చర్చివాళ్లే. మూడు నాలుగు తరాల కింద సొంత ఊళ్లు వదిలి వచ్చిన మనకు చుట్టాలు దూరం, చర్చి దగ్గర. రాత్రికి రాత్రి అన్నం వండి తెస్తారు. ఆసుపత్రి వరండాలో తోడు పడుకుంటారు. సమాధుల తోటలో గొయ్యి తీయించే పని కూడా మనవాళ్లే చూస్తారు. ఇది మన బలం. దీన్ని తక్కువ చేయడానికి ఈ మాటలు రాయడం లేదు.

అయితే వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు అన్నం క్యారియర్‌తో పాటు ఒక ప్రశ్న కూడా మోసుకొస్తారు. "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకున్నారా అన్నా?" అంటారు. "ప్రార్థన తగ్గిందేమో అక్కా" అంటారు. "దశమభాగం సరిగ్గా ఇస్తున్నారా?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. స్వస్థత కూటాలకు వచ్చే ప్రసంగీకులు ఇంకో మెట్టు ఎక్కి, విశ్వాసం ఉంటే జబ్బు పోయి తీరాలని, పోలేదంటే విశ్వాసం లేనట్టేనని వేదిక మీదే తేల్చేస్తారు. అన్నవాళ్లు ఇంటికెళ్లి ఆ మాట మరిచిపోతారు. పడినవాళ్లు మాత్రం దాన్ని మంచం మీద పక్కన పెట్టుకుని పడుకుంటారు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. ఏ పాపం ఎరగని మనిషికి శ్రమ వచ్చినప్పుడు అతని విశ్వాసాన్ని కూలదోసేది చాలాసార్లు ఆ శ్రమ కాదు, దానికి మనుషులు చెప్పే కారణం. శ్రమలో ఉన్నవాడికి కారణం చెప్పే పని దేవుడు మనకు అప్పగించలేదు. పక్కన కూర్చోవడం, కలిసి ఏడవడం, చేతనైతే అతని తరఫున నిలబడటం, ఇవే మనకు అప్పగించిన పనులు.

ఈ విషయం మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకూడదు. ఎందుకంటే మనలో చాలామందిమి కేజీఎఫ్ బిడ్డలం.

1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని, మైసూరు సంస్థానాన్ని పెద్ద కరువు పీల్చి పిప్పి చేసింది. దక్షిణ భారతంలో 50 లక్షలకు మించి జనం పోయారని చరిత్ర రాసినవాళ్ల లెక్క. ఆ గాయం ఆరకముందే, 1880లో, జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో పని మొదలుపెట్టింది. ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి తమిళులు, నేటి చిత్తూరు జిల్లా వైపు నుంచి తెలుగువాళ్లు ఆ పనికి వచ్చారు. ఎక్కువమంది సెంటు భూమి లేనివాళ్లు, ఊరి చివర బతికినవాళ్లు. మన తాతలు, ముత్తాతలు వాళ్లలోని వాళ్లే.

గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో బండే వేడెక్కి ఉంటుంది. పైనున్న భూమి బరువుకు బండ ఒక్కసారిగా పేలినట్టు విరగడాన్ని రాక్‌బర్స్ట్ అనేవారు. అలాంటిది జరిగినప్పుడు పైన లైన్లలో ఇళ్లు అదిరేవి. ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి దగ్గర నుంచి లేచి వీధిలోకి వచ్చి, షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవారు. ఆ షిఫ్టులో ఎవరి మనిషి దిగాడో వాళ్లకు తెలుసు. ఎవరు పైకి వస్తారో మాత్రం తెలియదు.

బండ కింద పడినవాళ్లు ఒక లెక్క. ధూళి తిన్నవాళ్లు ఇంకో లెక్క. రాయిని డ్రిల్లు వేసేటప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. దానినే సిలికోసిస్ అంటారు. ఆ మచ్చలను మాన్పే మందు లేదు. పని మానేశాక కూడా జబ్బు ముదరవచ్చు. టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. కుటుంబం కోసం ముప్పై ఏళ్లు గనిలో దిగినవాడు పెన్షను వయసుకు వచ్చేసరికి రెండు మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడటం మన లైన్లలో కొత్త సంగతి కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. అప్పటికి 121 ఏళ్లలో 800 టన్నుల దాకా బంగారం పైకి వచ్చింది. బంగారం వెళ్లిపోయింది. సయనైడ్ గుట్టలు మాత్రం మనకు మిగిలాయి. రాయిని పిండి చేసి బంగారం తీశాక పారబోసిన ఆ మట్టి మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటుంది. గాలి వీస్తే అది ఇళ్లలోకి వస్తుంది. ఉద్యోగాలు పోయిన ఇళ్ల నుంచి పిల్లలు ఇప్పటికీ తెల్లవారుజామున మారికుప్పం స్టేషనులో రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి, రాత్రికి తిరిగొస్తున్నారు.

ఇప్పుడు అడుగుతున్నాం. ఆ ఊపిరితిత్తుల్లో మచ్చలు ఏ పాపానికి వచ్చాయి? ఆదివారం తప్పకుండా చర్చికి వచ్చినవాడికీ వచ్చాయి, రానివాడికీ వచ్చాయి. ప్రార్థన చేసినవాడి మీదా బండ పడింది, తాగి దిగినవాడి మీదా పడింది. ధూళికి విశ్వాసి, అవిశ్వాసి తేడా తెలియదు. గని కింద బతికిన తరానికి తెలిసిన ఈ నిజాన్ని, ఇవాళ ఏసీ హాల్లో మైకు పట్టుకుని మాట్లాడేవాళ్లు వచ్చి తుడిచేస్తుంటే ఊరుకోవడం న్యాయం కాదు.

ఇది మా సొంత వేదాంతం కాదు. సువార్తలు తెరిచి చూడండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతిని ప్రభువే ఎత్తి, వాళ్లు యెరూషలేములోని మిగతావాళ్లకంటే పెద్ద పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. అది కట్టడం కూలి జరిగిన ప్రమాదం. మన భాషలో చెప్పాలంటే ఒక రాక్‌బర్స్ట్ లాంటిది. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని అడిగినప్పుడు రెండూ కాదన్నాడు. ఎవరో ఒకరి పాపం వెతకడమే శిష్యుల మొదటి ఆలోచన అయింది. ప్రభువు ఆ వెతుకులాటనే ఆపించాడు. రెండు వేల ఏళ్ల తర్వాత ఆయన పేరు చెప్పి దాన్నే మళ్లీ మొదలుపెట్టడానికి మనకు హక్కెక్కడిది?

ఇక యోబు సంగతి. యోబు గ్రంథం మనకు బాగా తెలుసని అనుకుంటాం. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం, ఇవే ఎక్కువగా ప్రసంగాల్లో వినిపిస్తాయి. యోబు అన్నీ పోగొట్టుకున్నాడు, దేవుణ్ణి దూషించలేదు, రెండింతలు పొందాడు. కథ అయిపోయింది. కానీ ఆ గ్రంథంలో 42 అధ్యాయాలు ఉన్నాయి. మధ్యలో ఉన్నదంతా వాదన. యోబు తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. దేవుణ్ణి నిలదీశాడు. తన వ్యాజ్యాన్ని ఆయన ముందు పెట్టుకునే దారి ఉంటే బాగుండునని వాపోయాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు మాత్రం దేవుడి పక్షాన చక్కగా, పద్ధతిగా మాట్లాడారు. దేవుడు న్యాయవంతుడు, కాబట్టి నీలో ఏదో తప్పు ఉండే ఉంటుంది అన్నదే వాళ్ల మాటల సారం. వింటే ఇవాళ్టి ప్రసంగంలాగే ఉంటుంది.

చివరికి దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? ఆ స్నేహితుల మీద. తన గురించి యోబు మాట్లాడినట్టు వాళ్లు యుక్తమైనది మాట్లాడలేదన్నాడు. వాళ్ల కోసం యోబే ప్రార్థన చేయవలసి వచ్చింది. దేవుణ్ణి నిలదీసినవాడు నిలిచాడు, దేవుడి తరఫు వకీళ్లు తలవంచుకున్నారు. ఈ ఒక్క మాట మన ప్రార్థన కూడికల్లో ఎన్నిసార్లు విన్నాం?

ఆ స్నేహితులు చేసిన మంచి పని కూడా ఒకటి ఉంది. అది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టు. యోబు స్థితి చూసి వాళ్లు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లు నిజమైన స్నేహితులు. నోరు తెరిచాకే చెడింది.

అదే గ్రంథం 28వ అధ్యాయం మన కేజీఎఫ్ వాళ్లు తప్పక చదవవలసింది. అందులో గని పని ఉంది. మనుషులు వెండి, బంగారం కోసం భూమిని తొలవడం, జనసంచారానికి దూరంగా చీకట్లోకి దిగి వేలాడటం, కొండల మొదళ్లు తిరగవేయడం అన్నీ ఉన్నాయి. అంత లోతుకు దిగగల మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలియదని, ఆ దారి దేవుడికే తెలుసని ఆ అధ్యాయం చెబుతుంది. మూడు కిలోమీటర్ల లోతు చూసిన మన పెద్దలకు ఇది వేరే వివరించనక్కర లేదు. ఫలానావాడికి ఈ శ్రమ ఎందుకొచ్చిందో మాకు తెలుసు అని చెప్పేవాడు, ఎవరూ దిగని గనిలోకి దిగొచ్చానని చెప్పుకుంటున్నట్టే.

శ్రమల గురించి ప్రసంగం అనగానే ఇంకో పోలిక తప్పకుండా వస్తుంది. కొలిమిలో కాల్చిన బంగారంలా దేవుడు నిన్ను శుద్ధి చేస్తున్నాడు అంటారు. ఆ పోలిక బైబిల్లో ఉన్నదే. యోబు కూడా తన గురించి అలాంటి మాటే అన్నాడు. కానీ అన్నది యోబు, తన గురించి, తన నోటితో. బూడిదలో కూర్చున్నవాడికి ఆ మాట అనే హక్కు ఉంది. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నవాడికి లేదు. పైగా బంగారం ఎలా వస్తుందో మనకు తెలుసు. ఎన్ని టన్నుల రాయి పిండి అయితే ఎన్ని గ్రాములు వస్తాయో, మిగిలిన గుట్ట ఎవరి ఇంటి మీద పడుతుందో తెలిసినవాళ్లం. అంత తేలిగ్గా ఆ పోలిక వాడటం మన నోటికి రాకూడదు.

"మరి దేవుడు ఎందుకు ఊరుకున్నాడు?" అని మన పిల్లలు అడుగుతారు. అడగనివ్వాలి. దీనికి పూర్తి జవాబు మా దగ్గర లేదు. యోబుకు కూడా దేవుడు కారణం చెప్పలేదు. సృష్టిని చూపించాడు, ఎదురుగా వచ్చి మాట్లాడాడు, అంతే. యోబుకు వివరణ దొరకలేదు, దేవుడు దొరికాడు. క్రైస్తవులకు దీనికి మించి ఒక్కటి ఉంది. ఏ పాపం లేనివాడు సిలువ మీద, తనను ఎందుకు విడిచావని తండ్రిని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆ శుక్రవారం పైనుంచి జవాబు రాలేదు. మూడో రోజున లేచాక కూడా ఆయన చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమాకు చూపించింది ఆ గుర్తులనే. కాబట్టి శ్రమ పడినవాడు జరిగిందంతా మరచి, గాయం మాసిపోయి, నవ్వుతూ సాక్ష్యం చెబితేనే విశ్వాసం ఉన్నట్టు అనడం తప్పు. గాయం ఉండగానే విశ్వాసం ఉండవచ్చు.

మన తెలుగు క్రైస్తవం పుట్టిందే ఇలాంటి చోట్ల. ఒడిశా సరిహద్దులో ఉన్న మనవాళ్లకు పురుషోత్తమ చౌదరి గారి పేరు చెప్పనక్కర లేదు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకుని, ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబానికి పరాయివాడైన మనిషి ఆయన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో పాటలు ఆయనవే. బెంగళూరులో, పెరంబూరులో, బరంపురంలో, సోలాపూరులో, యానాంలో ఎవరైనా చనిపోయిన రాత్రి శవం పక్కన కూర్చుని తెల్లవార్లూ పాడుకునేది ఆ పుస్తకంలో నుంచే. మన పిల్లలు వాటిని కన్నడ అక్షరాల్లో, తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. దుఃఖం వచ్చినప్పుడు ఇంటి భాషే నోటికొస్తుంది కాబట్టి, బడిలో తెలుగు నేర్వని పిల్లవాడు కూడా ఆ రాత్రి తెలుగులోనే పాడతాడు. ఇలా కలిసి పాడుతూ ఏడ్చే సంప్రదాయం ఉన్న మనం, చేతులెత్తి గెలుపు పాటలు తప్ప మరేమీ పాడకూడదన్నట్టు ఎందుకు మారిపోతున్నాం?

ఒంగోలు సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. కేజీఎఫ్‌కు మన పెద్దలను తరిమిన ఆ కరువే ఒంగోలు వైపు కూడా పడింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇప్పించారు. ఆ కరువు సహాయం సాగినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం కోసం మతంలో కలుస్తారన్న అనుమానం రాకూడదని. సహాయం అయిపోయాక, ఇక ఇవ్వడానికి కూలి లేనప్పుడు, జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో బిడ్డల్ని పూడ్చి వచ్చినవాళ్లు ఎంతమందో. దేవుడు వాళ్లకు కరువు తప్పించలేదు. అయినా వచ్చారు. తమకు కూలి ఇప్పించి, కలరా రోజుల్లోనూ విడిచిపెట్టని మనుషుల్లో వాళ్లకు దేవుడు కనిపించాడని మేము నమ్ముతున్నాం. "నమ్ముకుంటే కష్టాలు రావు" అన్న మాట విని వచ్చిన విశ్వాసం కాదది. కష్టం నట్టనడుమ పుట్టిన విశ్వాసం. అందుకే నాలుగైదు తరాలు నిలిచింది.

మన కాలంలో చూసిన సాక్ష్యం ఒకటి ఉంది. మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠురోగుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన కొడుకులు ఫిలిప్‌ను, తిమోతిని 1999 జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో వాళ్లు పడుకున్న వాహనంలోనే తగలబెట్టారు. పిల్లల వయసు 10, 6. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లను క్షమించానన్నారు. కూతురితో పాటు బారిపదలోనే ఉండి 2004 దాకా ఆ రోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమ గురించి చాలా ప్రసంగాలు విన్నాం. అందులో రెండు సంగతులు మనం గమనించాలి. ఒకటి, ఆ మాట ఆమె తనంతట తాను అన్నది. ఎవరో వెళ్లి "క్షమించమ్మా" అని ఒత్తిడి చేస్తే వచ్చింది కాదు. రెండు, ఆమె క్షమించినంత మాత్రాన కోర్టులో కేసు ఆగలేదు, ఆగకూడదు కూడా. క్షమ వేరు, న్యాయం వేరు. మొదటిది మనసులో జరగవలసింది, రెండోది బయట జరగవలసింది.

ఇక్కడే మనలో కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. "కంపెనీ మీద, కాంట్రాక్టరు మీద దరఖాస్తులు, కేసులు అంటూ తిరగడం విశ్వాసి లక్షణమా? దేవుడికి అప్పగించి ఊరుకోవాలి కదా?" అంటారు. వాళ్ల వయసుకు నమస్కారం పెట్టి మా జవాబు చెబుతున్నాం. విసుగక ప్రార్థించడానికి ప్రభువు చెప్పిన ఉపమానం ఏమిటి? న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికి వెళ్లి తన న్యాయం తీర్చమని వదలకుండా అడిగిన విధవరాలి కథ. ప్రార్థనకు ఆయన చూపించిన నమూనాయే కోర్టు మెట్లెక్కిన ఒక పేద స్త్రీ. మనుషుల నిర్లక్ష్యం వల్ల వచ్చిన శ్రమను "దేవుడి చిత్తం" అనేస్తే, నిర్లక్ష్యం చేసినవాడి తప్పును దేవుడి ఖాతాలో రాసినట్టవుతుంది. అది భక్తి అనిపించుకోదు.

ఇంకో అభ్యంతరం పాస్టరుగార్ల నుంచి వస్తుంది. "బాధల గురించి, ప్రశ్నల గురించి చర్చిలో మాట్లాడనిస్తే యువకుల విశ్వాసం చల్లారిపోతుంది" అని. అయ్యగార్లకు మా మనవి ఇది. ప్రశ్న అడిగినందుకు వెళ్లిపోయినవాళ్ల కంటే, అడగడానికి చోటు లేక వెళ్లిపోయినవాళ్లే మాకు ఎక్కువగా తెలుసు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చర్చి మానేసిందంటే దేవుడి మీద కోపంతోనే అని అనుకోకండి. వెనక బెంచీలో గుసగుసలకు భయపడి మానేసి ఉండవచ్చు. 88వ కీర్తన చూడండి. మొదలూ బాధే, చివరా చీకటే. వెలుగు మాటతో ముగియని ఆ కీర్తనను దేవుడు తన గ్రంథంలో నుంచి తీసేయలేదు. దేవుడే ఉంచుకున్న మొరను మనం ఆరాధనలో నుంచి తీసేయడం ఎందుకు?

మాటలతో ఆపకుండా, మన అసోసియేషన్ చేయగలిగిన పనులు కొన్ని ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి. జబ్బు చేసిన ఇంటికి, చావు జరిగిన ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ప్రసంగం వద్దు. వాక్యం చదవాలనిపిస్తే ఇంటివాళ్లను అడిగి చదవండి. "ఎందుకు వచ్చింది" అనే మాట ఎత్తకుండా "ఏం కావాలి" అని అడగండి. పిల్లల్ని బడికి దింపడం, రక్తం ఇచ్చేవాళ్లను వెతకడం, గ్యాసు బుక్ చేయడం ఇలాంటివి ఆదరణ కిందికే వస్తాయి.

రెండు. నెలకొక ప్రార్థన కూడికలో ఇంకా జవాబు రాని సాక్ష్యాలకు చోటివ్వాలి. "నాకు ఇంకా తగ్గలేదు, అయినా ప్రార్థిస్తున్నాను" అని చెప్పేవాళ్లకు కూడా మైకు అందాలి. ఆ మాటకు చప్పట్లు అక్కర లేదు. కాసేపు మౌనం, తర్వాత ఒక కీర్తన చాలు.

మూడు. స్వస్థత కూటాలకు ప్రసంగీకులను పిలిచేటప్పుడు కమిటీవారు ముందే రెండు షరతులు చెప్పాలి. రోగిని నిందించకూడదు. మందులు మానమని చెప్పకూడదు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఆపితే ప్రాణానికే ముప్పు. ప్రార్థన చేయించుకుని మందులు వేసుకుంటే విశ్వాసం తగ్గదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

నాలుగు. గనిలోనో, రాతి క్వారీలోనో, గ్రానైటు పాలిషు పనిలోనో, రాయి నూరే మిల్లులోనో పనిచేసినవాళ్లకు దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకు ఆ పని సంగతి తప్పకుండా చెప్పాలి. చాలామంది చెప్పరు, డాక్టరు అడగడు, టీబీ అనో ఆస్తమా అనో మందులు నడుస్తుంటాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి, ఎక్స్‌రే తీయించాలి. పాత సర్వీసు కాగితాలు, ఎక్స్‌రేలు పారేయకండి. పని వల్ల వచ్చిన సిలికోసిస్‌కు పరిహారం అడిగే హక్కు చట్టంలోనే ఉంది. చట్టం ప్రకారం అది ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు కూడా. మన పిల్లల్లో వకీళ్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు. నెలకొక శనివారం చర్చి హాల్లో కూర్చుని పెద్దవాళ్ల కాగితాలు చూసిపెట్టమని వాళ్లను కోరుతున్నాం.

అయిదు. ఇవాళ బెంగళూరు, హోసూరు వైపు రాయి కోసే పనుల్లో ఉన్న మన కుర్రాళ్లకు తాతల కథ చెప్పాలి. పొడిగా రాయి కోస్తే లేచేది అదే ధూళి. నీళ్లు పెట్టి కోయడం, ముక్కుకు సరైన మాస్కు కట్టుకోవడం, అవి ఇవ్వమని మేస్త్రీని గట్టిగా అడగడం వాళ్లకు నేర్పాలి. తాతకు వచ్చిన శ్రమ మనవడికి రాకుండా చూడటం కూడా ప్రార్థనకు జవాబే.

ఇవన్నీ చేసినా శ్రమలు ఆగవు. రేపు మనలో ఎవరి ఇంటికైనా రావచ్చు. ఆ రోజు మన విశ్వాసం నిలుస్తుందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం చెప్పగలం. ఒంటరిగా విశ్వాసం నిలుపుకోవడం చాలా కష్టం. కొన్ని రోజులు మనిషికి ప్రార్థన రాదు, పాట రాదు, ఆమేన్ అనడానికి కూడా నోరు రాదు. ఆ రోజుల్లో అతని వంతు ఆమేన్ పక్కనున్నవాళ్లు అనాలి. పక్షవాతంతో ఉన్నవాడిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దించారు. ప్రభువు చూసింది ఆ మోసినవాళ్ల విశ్వాసాన్ని. చర్చి అంటే మాకు అర్థమైనది అంతే. ఒకడు మోయబడుతున్నప్పుడు నలుగురు మోస్తారు, రేపు వంతులు మారతాయి.

ఈ ప్రతిపాదనలను వచ్చే జనరల్ బాడీ మీటింగులో చర్చకు పెట్టమని సెక్రటరీగారిని కోరుతున్నాం. కాదనేవాళ్లు కూడా రావాలి, కారణం చెప్పాలి. ఈలోగా ఈ వారం పరామర్శకు ఎవరి ఇంటికైనా వెళ్లేవాళ్లకు ఒక్కటే విన్నపం. కాసేపు ఊరికే కూర్చోండి. యోబు స్నేహితులు ఏడు రోజులు ఓపిక పట్టారు. మనం ఒక గంట పట్టలేమా?